క్షతగాత్రుని పక్షమున నిలచువాడు

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనలో సామెత కలదు. నేడు నేను మీకు విన్నవింపదలచిన చరిత్ర ఈ సామెతకు వ్యాఖ్యానము వంటిది. యుద్ధమున కాలో చేయో కోల్పోయిన సైనికునకు జీవితాంతము భృతి నీయవలెనని రాజ్యము శాసనము చేయును. అది దేవుని వరము. కాని ఆ వరమునకును సైనికుని యింటికిని నడుమ అర్జీలు, సాక్ష్యములు, వైద్యపరీక్షలు, కచేరీలు, గుమాస్తాలు వరుసగా నిలచియుందురు. ఆ దారిలో అతని చేయి పట్టి నడపించువాడు మంచివాడైనచో వరము ఇల్లు చేరును. చెడ్డవాడైనచో సగము దారిలోనే హరించిపోవును. ఎవ్వడును లేనిచో అర్జీ కచేరీ బీరువాలో చెదలుపట్టిపోవును.

ఈ విషయమున నేను అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రను ఎన్నుకొంటిని. అందులకు కారణము కలదు. ఆ దేశము పుట్టిన నాటినుండి నేటివరకు, సుమారు రెండువందల యేబది సంవత్సరములుగా, అంగవైకల్యము పొందిన సైనికుల భృతినిగూర్చి శాసనములు చేయుచునే యున్నది. ఆ సైనికుల పక్షమున అర్జీలు నడపువారిని అదుపులో నుంచుటకు గూడ అన్ని శాసనములు చేసినది. ఒక దోషమును మాన్పుటకు చేసిన చట్టమునుండి మఱొక దోషము పుట్టుట, దానిని మాన్పుటకు మఱొక చట్టము చేయుట, ఇదియే ఆ చరిత్ర. మన తాలూకా కచేరీల అరుగులపై అర్జీలు వ్రాయువారిని చూచిన పెద్దలకు ఇందులోని మనుష్యులు క్రొత్తవారుగా తోచరు.

1776వ సంవత్సరము జూలైలో ఆ రాష్ట్రములు స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. రెండు నెలలైనను గడవకమునుపే, ఆగస్టు 26వ తేదీన, వారి ప్రతినిధిసభ మొదటి భృతి నిబంధనను ఆమోదించెను. యుద్ధమున అవయవము కోల్పోయినవానికిని, జీవనోపాధి సంపాదించుకొనలేని స్థితికి వచ్చినవానికిని సగము జీతము ఈయవలెనని దాని సారాంశము. కాని ఆ సభకు పన్నులు వేయు అధికారము లేదు. బొక్కసమున ధనము లేదు. కావున చెల్లింపు ఆయా రాష్ట్రములకు వదలివేయబడెను. వాగ్దానము ఒకరిది, చెల్లింపు మఱొకరిది. అప్పుడే సైనికునకు తిప్పట మొదలయ్యెను.

1792వ సంవత్సరమున కాంగ్రెసు, అనగా ఆ దేశపు శాసనసభ, ఒక క్రొత్త పద్ధతి నేర్పరచెను. క్షతగాత్రుల అర్జీలను న్యాయాధిపతులు విచారింపవలెను. వారి అభిప్రాయమును యుద్ధమంత్రి తిరిగి పరిశీలింపవచ్చును. న్యాయాధిపతులు దీని కొప్పుకొనలేదు. తమ తీర్పును మంత్రి దిద్దుట న్యాయస్థానపు గౌరవమునకు భంగమని వారు వాదించిరి. ఆ సమయమున విలియం హేబర్న్ అను సైనికుడు పెన్సిల్వేనియాలోని న్యాయస్థానమునకు తన అర్జీతో వచ్చెను. న్యాయాధిపతులు విచారింపమనిరి. ప్రభుత్వపు ప్రధాన న్యాయవాది యగు ఎడ్మండ్ రాండాల్ఫ్ సర్వోన్నత న్యాయస్థానమున ఆ విషయమును ఎత్తగా, ప్రభుత్వోద్యోగి హోదాలో అతనికి ఆ అధికారము కలదా లేదా యని న్యాయాధిపతులలోనే భేదము పొడసూపెను. అప్పుడాతడు తాను హేబర్న్ పక్షమున నిలచితినని చెప్పి వాదించెను. తీర్పు వెలువడకమునుపే, 1793లో, కాంగ్రెసు చట్టమును మార్చివేసెను.

అమెరికాలో న్యాయశాస్త్రము చదువువారు నేటికిని ఈ వ్యాజ్యమును చదువుదురు. న్యాయాధిపతులు వాదించిన అధికార విభజన పెద్ద విషయమే. దానిని నేను తక్కువ చేయను. కాని కచేరీ గుమ్మమున నిలచిన అవిటివానికి కావలసినది వేఱు. నీ అర్జీ ఏ గుమ్మమునకు పోవలెనో, ఏ కాగితము తేవలెనో చెప్పువాడు అతనికి కావలెను. ఆ సంగతి మొదటి పదునేడు సంవత్సరములలోనే బయటపడెను.

ఆ తరువాత 1818లో, స్వాతంత్ర్య యుద్ధమున పోరాడి దారిద్ర్యమున పడిన వృద్ధ సైనికులకు నెలకు 8 డాలర్లు, అధికారులకు 20 డాలర్లు ఇచ్చునట్లు చట్టము వచ్చెను. అనుకొన్నదానికంటె ఎన్నో రెట్లు అర్జీలు వచ్చిపడెను. ఉన్నవారును లేనివారమని వ్రాయించుకొనుచున్నారను అపవాదు పుట్టెను. అంతట 1820లో, అర్జీదారులందరు తమ ఆస్తి పట్టికను ప్రమాణపూర్వకముగా దాఖలు చేయవలెనని శాసించిరి. నిజముగా పేదవారైన వృద్ధులు గూడ న్యాయస్థానమునకు పోయి, తమ ఆవును, కుర్చీలను, వంటపాత్రలను లెక్కవ్రాయించి సంతకము చేయవలసివచ్చెను. కొందరి దొంగ అర్జీలవలన అందరును దొంగలవలె ప్రశ్నింపబడుట ఈ చరిత్రలో పదేపదే కనిపించును. అర్జీ వ్రాయువాడు ఒక అబద్ధము చేర్చినచో దాని ఫలమును అతని తరువాత వచ్చు నిజాయితీపరుడు అనుభవించును.

ఇక 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమునకు వత్తము. బానిసత్వపు ప్రశ్నపై ఉత్తర దక్షిణ రాష్ట్రములు తమలో తాము పోరాడిన యుద్ధమది. ఇరుపక్షముల శస్త్రవైద్యులును కలసి సుమారు 60,000 అంగచ్ఛేదనములు చేసిరని చరిత్రకారుల అంచనా. యుద్ధము నడుచుచుండగనే, 1862 జూలై 14వ తేదీన, ఉత్తరపక్షపు సైనికులకొఱకు ఒక చట్టము వచ్చెను. పూర్తిగా పనికి అశక్తుడైన సామాన్య సైనికునకు నెలకు 8 డాలర్లు, పై అధికారులకు హోదాననుసరించి 30 డాలర్లవరకు, పాక్షికముగా అశక్తులైనవారికి అందు భాగము. చనిపోయినవారి భార్యలకు, బిడ్డలకు, తల్లులకు గూడ హక్కు కల్పింపబడెను.

చట్టము ఉదారమైనది. కాని దానిని పొందు విధానము చూడుడు. ఫలానా దళమున, ఫలానా తేదీన చేరితినని చూపవలెను. గాయము లేక వ్యాధి విధి నిర్వహణలో కలిగినదని రుజువు చేయవలెను. అందులకు ఆనాటి అధికారి వ్రాసిన పత్రము గాని, కన్నులార చూచిన తోటి సైనికుల ప్రమాణపత్రములు గాని కావలెను. ప్రభుత్వము నియమించిన వైద్యుడు పరీక్షింపవలెను. ఈ కాగితములన్నియు వాషింగ్టను నగరమునందలి పింఛను కచేరీకి చేరవలెను. తుపాకిగుండు తగిలినవాని సంగతి కొంత సులభము. మచ్చయే సాక్ష్యము చెప్పును. కాని దండు విడిదిలో చలిజ్వరమో గ్రహణియో సోకి, ఇంటికి వచ్చిన పది సంవత్సరముల తరువాత మంచమెక్కినవాడు ఏమి చూపగలడు? అతని అధికారి చనిపోయియుండవచ్చును. తోటివాడు వేయి మైళ్ల దూరమున పొలము దున్నుకొనుచుండవచ్చును. అర్జీదారునకు చదువు లేకపోవచ్చును.

ఇచ్చటనే పింఛను ఏజెంటు అనువాడు ప్రవేశించెను. అతడు ఫారములు ఎరుగును. ఏ మాట వ్రాసిన ఏ గుమాస్తా ఒప్పుకొనునో ఎరుగును. విడిపోయిన తోటి సైనికుల చిరునామాలు సంపాదించును. ఇదంతయు నిజముగా అవసరమైన సేవయే. కాని అవసరము ఉన్నచోట అత్యాశయు చేరును. దోపిడి జరుగునని శాసనకర్తలు ముందే ఊహించి, 1862 చట్టములోనే అర్జీకి 5 డాలర్లకు మించి ఏజెంటు పుచ్చుకొనరాదని, అదనపు ప్రమాణపత్రములకు కొద్దిపాటి రుసుము మాత్రమే తీసికొనవచ్చునని కట్టడి చేసిరి. 1864లో ఆ పరిమితిని 10 డాలర్లు చేసిరి. మించి పుచ్చుకొన్నవానికి శిక్ష గూడ విధించిరి. ఈ పది డాలర్ల సంఖ్యను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను; అది మనతో చాల దూరము ప్రయాణము చేయును.

రుసుము తక్కువయైనప్పుడు లాభము ఎట్లు వచ్చును? ఎక్కువ అర్జీలు వేయుటవలన వచ్చును. కావున ఏజెంట్లు వేలకొలది అర్జీలు పోగుచేయసాగిరి. వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు జార్జి లెమన్. అతడు తానును ఉత్తరపక్షపు సేనలో పనిచేసినవాడే. 1877లో వాషింగ్టనునుండి నేషనల్ ట్రిబ్యూన్ అను పత్రికను మాజీ సైనికులకొఱకు స్థాపించెను. అందులో యుద్ధకథలు, పింఛను చట్టముల వార్తలు, వానితోబాటు అతని కచేరీ ప్రకటనలు అచ్చుపడుచుండెను. 1879లో బకాయిల చట్టము వచ్చెను. దానిప్రకారము పింఛను అర్జీ పెట్టిన నాటినుండి గాక సేననుండి విడుదలయైన నాటినుండి లెక్కింపబడును. పది పదునైదేండ్ల బకాయి ఒక్కసారి చేతికి వచ్చునన్న ఆశతో క్రొత్త అర్జీలు వెల్లువవలె వచ్చెను. 1890 జూన్ 27వ తేదీ చట్టము ఇంకను ముందుకు పోయెను. తొంబది దినములు సేవచేసి గౌరవముగా విడుదల పొందినవాడు, తన దురలవాట్లవలన గాక మఱి యే కారణముచేతనైనను అశక్తుడైనచో, ఆ అశక్తత యుద్ధమువలన కలుగకపోయినను, నెలకు 6 మొదలు 12 డాలర్లవరకు పొందవచ్చును. 1893 నాటికి పింఛనుదారులు తొమ్మిది లక్షలు దాటిరి. దేశపు కేంద్ర ప్రభుత్వ ఆదాయములో సుమారు నూటికి నలుబది పాళ్లు పింఛనులకే పోవుచుండెను.

ఈ ఏజెంట్లను దొంగలని ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదని నా అభిప్రాయము. వారు లేనిచో అడవి అంచున కాపురమున్న ఎందరో అవిటివారికి తమకు హక్కు కలదనియే తెలిసియుండదు. కాని వారి వృత్తిలో ఒక లోపము ఇమిడియుండెను. ఒక అర్జీపై నెలలతరబడి శ్రమించినవానికిని, ఫారము నింపి పడవేసినవానికిని ముట్టునది ఒక్కటే. కష్టమైన అర్జీ, సాక్ష్యము దొరకని అర్జీ, పేదవాని అర్జీ ఎవ్వరికిని అక్కరలేనిదయ్యెను.

అట్టి కష్టమైన అర్జీకి ఒక ఉదాహరణము చెప్పెదను. హారియెట్ టబ్‌మన్ అను నల్లజాతి స్త్రీ మేరీలాండున బానిసగా పుట్టి, 1849లో తప్పించుకొని, మరల మరల వెనుకకు పోయి సుమారు డెబ్బదిమంది బానిసలను విడిపించి తెచ్చిన ధీరురాలు. అంతర్యుద్ధమున ఆమె వేగులరాలుగను, పరిచారికగను, వంటమనిషిగను ఉత్తరపక్షమునకు సేవచేసెను. 1863 జూన్‌లో కంబాహీ నదిపై జరిగిన దాడికి ఆమె దారిచూపగా, ఏడువందలమందికి పైగా బానిసలు విముక్తులైరి. ఇంత చేసినను ఆమె పేరు సేన పట్టికలలో సైనికురాలుగా లేదు. యుద్ధమైన కొలది కాలమునకే, ఆమె నివసించిన ఆబర్న్ పట్టణమునందు బ్యాంకు వ్యవహారములు నడపు ఛార్లెస్ వుడ్ అనునాతడు ఆమె సేవలకు సంబంధించిన పత్రములన్నియు సేకరించి, వృత్తాంతము వ్రాసిపెట్టెను. ఆనాడు ఫలము దక్కలేదు.

ఆమె 1869లో నెల్సన్ డేవిస్ అను మాజీ సైనికుని పెండ్లాడెను. అతడు 1888లో మరణించెను. 1890 చట్టము రాగానే ఆమె వితంతు పింఛనుకు అర్జీ పెట్టెను. చిక్కు ఎచ్చట వచ్చెనో చూడుడు. సేనలో అతని పేరు నెల్సన్ ఛార్లెస్ అని యున్నది. ఛార్లెస్, డేవిస్ ఇద్దరును ఒక్కరేనని రుజువు కావలెను. ఆమె మొదటి భర్త చనిపోయెనని రుజువు కావలెను. బానిసత్వమున పుట్టినవారికి జనన పత్రము లేదు, వివాహ పత్రము లేదు; యజమాని పేరు ఒకప్పుడు, తాను పెట్టుకొన్న పేరు మఱొకప్పుడు. ఎరిగినవారిని వెదకి, ప్రమాణపత్రములు వ్రాయించి, అయిదేండ్లు తిరిగిన పిమ్మట 1895లో నెలకు 8 డాలర్లు మంజూరయ్యెను. ఆమె స్వంత సేవకు గుర్తింపు రావలెనని ఆ ప్రాంతపు శాసనసభ్యుడు సెరెనో పెయిన్ ప్రత్యేకముగ బిల్లు తెచ్చెను. 1899లో ఆమె పింఛను 20 డాలర్లయ్యెను. ముప్పది యేండ్ల క్రిందట వుడ్ పోగుచేసి యుంచిన పత్రములు ఆనాడు అక్కరకు వచ్చెను. ఆ పత్రములు నేటికిని ఆ దేశపు రికార్డు భాండాగారమున ఉన్నవి. మంచి సహాయకుడెవ్వడని నన్నెవ్వరైన అడిగినచో, ఫలము కనబడని నాడును కాగితమును భద్రము చేసినవాడని చెప్పుదును.

మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులు రెండు లక్షలకు పైగా గాయపడిరి. విషవాయువు పీల్చినవారు, క్షయ సోకినవారు, మనస్సు చెదరినవారు వేలకొలది తిరిగివచ్చిరి. వారికొఱకు 1921లో వెటరన్స్ బ్యూరో అను ప్రత్యేక శాఖ నెలకొల్పబడెను. దానికి మొదటి అధిపతి ఛార్లెస్ ఫోర్బ్స్. ఆస్పత్రుల కంట్రాక్టులలోను, ప్రభుత్వ సామగ్రి అమ్మకములోను జరిగిన అక్రమములు బయటపడగా అతడు 1923లో రాజీనామా చేసెను. 1925లో ప్రభుత్వమును మోసగించుటకు కుట్రచేసెనని నేరము రుజువై కారాగారమునకు పోయెను. ఈసారి పూజారియే గుడిలోని సొమ్ము కాజేసెను. ఆ కాలమున పేదసైనికుల అర్జీలు గుట్టలుగా పడియుండెను.

అప్పుడు సైనికులు తమ దారి తాము చూచుకొనిరి. 1919లో అమెరికన్ లీజియన్, 1920లో అంగవైకల్యము గల సైనికుల సంఘము ఏర్పడెను. అంతకుముందే, 1899లో, విదేశ యుద్ధములలో పాల్గొన్నవారి సంఘము మొదలైయుండెను. ఈ సంఘములు సర్వీసు ఆఫీసరు అను ఒక క్రొత్త సహాయకుని తయారుచేసినవి. అతడు చట్టమును నేర్చిన మనిషి. తఱచుగా తానును గాయపడిన సైనికుడు. అర్జీదారునినుండి ఒక్క కాసైనను పుచ్చుకొనడు. అతని జీతము సంఘమిచ్చును. పిదప రాష్ట్ర ప్రభుత్వములును, అనేక జిల్లాలును ఇట్టివారిని నియమించినవి. ఒక్కొక్క అర్జీకి ఇంతయని పుచ్చుకొను ఏజెంటు స్థానమున నెలజీతపు తోటివాడు వచ్చుట ఈ చరిత్రలోని మంచి మలుపులలో ఒకటి. 1930లో బ్యూరోను, పింఛను కచేరీని, సైనికాశ్రమములను కలిపి ఒక్క శాఖగా చేసిరి. 1933లో అప్పీళ్లకు ఒక బోర్డు ఏర్పడెను. కాని అదే సంవత్సరపు చట్టము ఆ శాఖ నిర్ణయములపై న్యాయస్థానమునకు పోవు దారిని మూసివేసెను.

ఇప్పుడు ఆ పది డాలర్ల సంగతికి వత్తము. 1864లో పది డాలర్లు ఒక సామాన్య సైనికుని నెల పింఛనును మించిన మొత్తము. 1980 తరువాతి కాలమున అది ఒక పూట భోజన వ్యయము. ఐనను చట్టము మారలేదు. పది డాలర్లకు ఏ న్యాయవాదియు వ్యాజ్యము చేపట్టడు. అణ్వాయుధ పరీక్షల కిరణములకు గురియై రోగగ్రస్తులైన సైనికులు ఈ పరిమితి తమకు న్యాయవాది లేకుండ చేయుచున్నదని వ్యాజ్యము వేసిరి. 1985లో సర్వోన్నత న్యాయస్థానమున ఆరుగురు న్యాయాధిపతులు ప్రభుత్వపక్షమున, ముగ్గురు సైనికుల పక్షమున నిలచిరి. సైనికునకు వచ్చు సొమ్ము పూర్తిగా అతనికే దక్కవలెనని కాంగ్రెసు తలచినది, సంఘముల సహాయకులు ఉచితముగా ఉన్నారు, ఇది వాదప్రతివాదముల కచేరి కాదని మొదటివారి తర్కము. స్వతంత్ర పౌరుడు తన సొమ్ముతో తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకొనరాదనుట ఎక్కడి న్యాయమని జాన్ పాల్ స్టీవెన్స్ అను న్యాయాధిపతి భిన్నాభిప్రాయము వ్రాసెను.

నాకు ఈ రెండు మాటలలోను సత్యము కనబడుచున్నది. సాధారణమైన అర్జీకి సర్వీసు ఆఫీసరు చాలును. కాని కిరణములవలన ఇరువది యేండ్లకు పుట్టిన వ్యాధి వంటి చిక్కు విషయమున వైద్యశాస్త్రమును, చట్టమును లోతుగా తెలిసినవాడు కావలెను. దోపిడినుండి కాపాడుటకు కట్టిన గోడ, కాలము గడచినకొలది, సహాయమును గూడ రానీయని గోడ ఆయెను.

మూడేండ్లలో కాంగ్రెసు ఆ గోడను తొలగించెను. 1988 నవంబరులో మాజీ సైనికుల అప్పీళ్లకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడెను. బోర్డు తుది నిర్ణయమైన తరువాత న్యాయవాది తగిన రుసుము పుచ్చుకొనవచ్చునని చట్టమయ్యెను. 2006 చట్టము ఈ అనుమతిని మఱికొంత ముందుకు జరిపెను. 2017లో చేసి 2019లో అమలునకు తెచ్చిన చట్టముప్రకారము శాఖవారి మొదటి నిర్ణయము వెలువడిన పిమ్మట రుసుము పుచ్చుకొనవచ్చును. మొదటి అర్జీ తయారుచేయుటకు మాత్రము ఎవ్వరును రుసుము పుచ్చుకొనరాదు. గెలిచిన బకాయిలో నూటికి 20 పాళ్లవరకు న్యాయమైన రుసుమని, మూడవ వంతు మించినచో అన్యాయమని చట్టము భావించును. సంఘ ప్రతినిధులు, పరీక్షలో కృతార్థులైన ఏజెంట్లు, న్యాయవాదులు అని సహాయకులు మూడు విధములు. ముగ్గురును శాఖవారి గుర్తింపు పొందినవారై యుండవలెను. గుర్తింపు పొందినవారి పట్టికను ఎవ్వరైనను చూచుకొనవచ్చును.

ఐనను కథ ముగియలేదు. 2022 ఆగస్టులో, యుద్ధభూములలో చెత్త తగులబెట్టిన గుంటల పొగకు గురియైన సైనికులకు హక్కులు పెంచుచు పెద్ద చట్టము వచ్చెను. 1890లో వలెనే అర్జీలు వెల్లువయ్యెను. 1890లో వలెనే బేరగాండ్రు మూగిరి. గుర్తింపు లేని సంస్థలు కొన్ని, తాము అర్జీ వేయుట లేదు, సలహా మాత్రమే చెప్పుచున్నామను నెపముతో, పెరిగిన నెలసరి భృతికి అయిదారు రెట్లు పుచ్చుకొనుచున్నవి. గుర్తింపు లేక రుసుము పుచ్చుకొన్నవానికి పూర్వముండిన శిక్ష 2006 చట్టమువలన పోవుట వీరికి వీలిచ్చినది. రంగస్థలము మారినది గాని పాత్రలు మారలేదు.

ఈ చరిత్రనుండి మంచి సహాయకుని గుర్తులను నేనిట్లు ఏరుకొంటిని. మొదటిది, అతడు ఎవ్వరికి జవాబుదారి? తప్పుచేసిన అడుగువాడు లేనివానిచేతిలో కాగితము పెట్టరాదు. రెండవది, అతనికి సొమ్ము ఎప్పుడు, దేనినుండి ముట్టును? రుసుమును వ్రాతమూలముగ చెప్పనివాడు, ముందే పుచ్చుకొనువాడు, రాబోవు నెలల భృతిలో వాటా అడుగువాడు దూరముగ నుంచదగినవాడు. మూడవది, అతడు తప్పక గెలిపింతునని, ఇంత శాతము తెత్తునని ప్రమాణము చేయుచున్నాడా? నిర్ణయము అతని చేతిలోనిది కాదు. తనది కానిదానిని అమ్మజూచువానిని నమ్మరాదు. నాలుగవది, అర్జీలోని బలహీనతను అతడు ముఖముమీద చెప్పుచున్నాడా? మంచి వైద్యుడు రోగమును దాచడు. అయిదవది, ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర అడుగుచున్నాడా, లేక దాఖలు చేసిన ప్రతి పత్రమునకును నకలు ఇచ్చి, గడువు తేదీ చెప్పుచున్నాడా? అమెరికాలో మొదటి నిర్ణయముపై అభ్యంతరమునకు ఒక సంవత్సరము గడువు. ఆ తేదీ దాటినచో బకాయి పోవచ్చును.

అతడు సమకూర్చవలసిన రుజువులు మూడు. ఇప్పుడు వైకల్యము ఉన్నదనుట ఒకటి. సేవలో ఉండగా దానికి కారణమైన గాయమో, వ్యాధియో, సంఘటనయో జరిగినదనుట రెండవది. ఆ రెంటికిని సంబంధము కలదని వైద్యుడు చెప్పుట మూడవది. ఈ మూడవ ముడి వేయలేకయే చాల అర్జీలు వీగిపోవుచుండును. ఇరుపక్షముల సాక్ష్యమును తూకమున సమానముగ ఉన్నచో సందేహలాభము సైనికునకే ఈయవలెనని అచ్చటి నియమము. కాని తక్కెడలో వేయుటకు కాగితమే లేనిచో ఆ నియమమేమి చేయగలదు?

మన దేశమునను ఈ ప్రశ్న లేకపోలేదు. ధరమ్‌వీర్ సింగ్ అను సిపాయి 1985లో సేనలో చేరి, మూర్ఛవ్యాధి కారణముగా 1994లో విడుదల పొందెను. ఆ వ్యాధి సేవవలన కలిగినది కాదని అతనికి అంగవైకల్య పింఛను నిరాకరించిరి. 2013 జూలైలో మన సుప్రీముకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. చేరునప్పుడు వైద్యులు ఏ రోగమును వ్రాసియుండనిచో, తరువాత కలిగినది సేవవలన కలిగినదనియే భావింపవలెనని, కాదనువారే రుజువు చేయవలెనని అందలి సారాంశము. సిపాయికి తీర్పు వచ్చునప్పటికి పంతొమ్మిది సంవత్సరములు గడచినవి. 2007 చట్టముననుసరించి సాయుధ దళముల ట్రిబ్యునలు ఏర్పడినది. 2023లో పింఛను అర్హతకు క్రొత్త నిబంధనలు వెలువడినవి. కావున పాత తీర్పు వినికిడితో అర్జీ వ్రాయక, నేటి నియమము తెలిసినవానిని అడుగవలెను. మన జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు కలవు. మొదట అడుగవలసిన గుమ్మము అది. అచ్చట త్రోవ చూపుటకు రుసుము లేదు.

గ్రామపెద్దలు చేయదగినది కొంత కలదు. ఊరి సైనికుడు సెలవుపై వచ్చినప్పుడు కుంటుచు వచ్చెనా, దగ్గుచు వచ్చెనా, రాత్రులు ఉలికిపడి లేచుచుండెనా యన్నది కచేరీ గుమాస్తాకు తెలియదు, మీకు తెలియును. ఆ సంవత్సరము, ఆ మాసము జ్ఞాపకముండగనే వ్రాయించి ఉంచుడు. విడుదల పత్రమును, ఆస్పత్రి చీటీలను ఇంటివారు పారవేయకుండ చెప్పుడు. తోటి సైనికుల పేర్లు, ఊళ్లు ఒక పుస్తకమున ఎక్కించి పెట్టుడు. ఎవ్వడో పట్టణమునుండి వచ్చి సగము నాకిమ్మని బేరము పెట్టినప్పుడు, సైనికుడు మీ అరుగుమీద కూర్చుండి సలహా అడుగును. ఆ దినమున వాని వ్రేలిముద్ర కాగితముపై పడకమునుపే ఆ కాగితమును ఒకసారి చదివి వినిపింపుడు.